కూర్చుని చూడండమ్మా

రాజమండ్రిలో నేను పనిచేసిన చీరల షాపులో అమ్మాయిలు కూర్చోకూడదు. కెమెరాలో కనబడితే మేనేజరు మర్నాటి నుంచి రావద్దనేవాడు. పట్టుచీరల దగ్గర మాత్రం తెల్ల పరుపు ఉండేది. కొనేవాళ్లు దాని మీద కూర్చుంటే, చూపించే అమ్మాయీ కూర్చోవచ్చు. కానీ చాలామంది కౌంటరు దగ్గర నిలబడే చూసి వెళ్లిపోయేవారు.

అప్పుడు నాకు ఏడో నెల. పాదాలు వాచిపోయేవి. ఆ పని పోతే మాకు ఇల్లు గడవదు.

మా సీనియర్ అక్క అది గమనించింది. ఎవరొచ్చినా, “కూర్చుని చూడండమ్మా, అంచు అందం పరిస్తేనే తెలుస్తుందండి” అంటూ పరుపు దగ్గరికి తీసుకొచ్చి, చూపించమని నన్ను పిలిచేది. తను మాత్రం చీరలు అందిస్తూ నిలబడేది.

మేనేజరు పసిగట్టాడు. “ఏంటమ్మా, జాకెట్టు ముక్కకి కూడా పరుపేనా?”

“కూర్చున్నావిడ ఏదో ఒకటి కొనకుండా లేవదండి” అంది అక్క. పరుపు మీదున్న పెద్దావిడ నవ్వి, ఇంకో చీర తియ్యమంది.

అక్క బొట్టు పెట్టుకునే మనిషి. బైబిల్లో నడిచి అలసిన ప్రభువు బావి దగ్గర కూర్చున్న సంగతి ఒకసారి చెప్పాను. “మన మేనేజరైతే ఆయన్నీ లేపేసేవాడే” అంది.

ఇప్పుడు ఆదివారం పాట అయ్యాక పాస్టరుగారు అందర్నీ కూర్చోమన్నప్పుడు, పాపని ఒళ్లో సర్దుకుని ముందు అక్క కోసమే ప్రార్థిస్తాను, ఎవరో ఒకరు ఆవిడనీ కూర్చోబెట్టాలని.