చెత్తదిబ్బ దగ్గర కుర్చీలు

పొద్దున్నే మా వీధి మొగదల చెత్త ఆటో పాట మొదలవుతుంది. నిద్రకూ మెలకువకూ నడుమ ఆ పాట ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. అప్పటికే ఎవరో వాకిట్లో కళ్ళాపి చల్లి ఉంటారు. తడిసిన ఎర్రమట్టి వాసన కిటికీలోంచి మంచం దాకా వస్తుంది. వాన కోసం మొగం వాచిపోయిన మా సీమలో ఆ వాసన తగిలితే మనసు ఒకచోట నిలవదు. నాకైతే ఆ చెత్త ఆటో పాటతో కలిసి అది నర్సమ్మ దగ్గరికి వెళ్ళి ఆగుతుంది.

ఆమె అసలు పేరు రామలక్ష్మమ్మ. ఉద్యోగమంతా మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో నర్సుగానే చేశారు. ఊళ్ళో చాలామంది పుట్టగానే చూసిన మొదటి ముఖం ఆమెదే. రిటైరయ్యాక జనమే పట్టుబట్టి ఎన్నికల్లో నిలబెట్టారు, మున్సిపల్ చైర్‌పర్సన్‌ను చేశారు. అవే ఎన్నికల్లో మహిళలకు కేటాయించిన వార్డు నుంచి నేనూ కౌన్సిలర్‌నయ్యాను. మా మామగారు నామినేషన్ వేయించారు, నేను సంతకం పెట్టాను. సమావేశాల్లో వైస్ చైర్మన్ రెడ్డన్న చెయ్యెత్తితే నేనూ ఎత్తేదాన్ని. ఆయన మా పార్టీ పెద్ద. అంతకు మించి నా నుంచి ఎవరూ ఏమీ ఆశించలేదు, నర్సమ్మ తప్ప.

ఊరి చెత్త ఎత్తే పని బెంగళూరు కంపెనీకి అప్పజెప్పాలన్న మాట వచ్చింది ఆ రోజుల్లోనే. వాళ్ళ దగ్గర కొత్త బండ్లు, యంత్రాలు ఉన్నాయి. మా దగ్గరున్నవి తోపుడు బండ్లు, చీపుర్లు, కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్ళు. వాళ్ళు పని మానేసి మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఊరు రెండుగా చీలింది. టీ అంగళ్ళలో ఇదే మాట, బస్సుల్లో ఇదే మాట. నర్సమ్మ కంపెనీ వైపే మొగ్గారని నాకు తెలుసు. కాలువల పక్కన పెరిగిన పిల్లలు జ్వరాలతో ఆసుపత్రికి రావడం ఆమె ఏళ్ళ తరబడి చూశారు. అయినా మెట్ల మీదివాళ్ళు అడిగినప్పుడు మాత్రం, "ఇంకా నాకే తెలీదమ్మా. తెలిసినాక మీకే ముందు చెప్తా" అన్నారు. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి నలుగురి ఎదుట తనకు తెలియదనడం నేను అదే మొదటిసారి విన్నాను.

ఓటింగుకు ముందు ఒక ఉదయం మమ్మల్నందరినీ ఊరి బయట డంపింగ్ యార్డుకు రమ్మన్నారు. వెళ్ళేసరికి షామియానా అంగడి కుర్చీలు చెత్తదిబ్బ ఎదురుగా వరసగా వేసి ఉన్నాయి. కనుచూపు మేర బీడు, వేరుశనగ పీకేసిన చేలు, వాటి మీద గాలికి లేచి మెల్లగా తేలిపోతున్న ప్లాస్టిక్ కవర్లు. దూరం నుంచి కొంగల బారు అనుకున్నాను. కంప చెట్లకు చిక్కుకున్నవి ఎండలో పూలలా మెరుస్తున్నాయి. చెత్త తగ్గాలని మావాళ్ళు పెట్టిన నిప్పు దిబ్బ లోపల ఎక్కడో రగులుతూ పొగ సన్నగా లేస్తోంది. అంత అందంగా, అంత భయం పుట్టించేలా ఉన్న చోటు నేను మళ్ళీ చూడలేదు.

రెడ్డన్న కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏమక్కా ఇది! ఆఫీసు లేదా మనకు?" అన్నాడు.

"మన చెత్తే కదప్పా, కూచో" అన్నారు నర్సమ్మ.

కంపెనీ మనిషి బండ్ల బొమ్మలు చూపించాడు. అతను చెప్పడం ముగించాక నర్సమ్మ అడిగారు: "ఇండ్ల కాడ ఎత్తుకున్నది యాడికి తీసకపోతారు?"

"ఇక్కడికేనండి. ఎత్తి తెచ్చి పోసేవరకే మా పని. ఆ తర్వాతిది ఒప్పందంలో లేదు."

అప్పటికి పక్కనున్న గుట్టకిందపల్లె జనం కొందరు వచ్చి దూరంగా నిలబడ్డారు. వాళ్ళది మా ఊరి హద్దులోకి రాదు. వాళ్ళకు మా ఎన్నికల్లో ఓటు లేదు. నర్సమ్మ తన కుర్చీ లోంచి లేచి వాళ్ళలో ఒకామెను కూర్చోమన్నారు. ఓబులమ్మ అనే ఆ మనిషి కూర్చోలేదు.

"నన్ను గుర్తు పట్నావా నర్సమ్మా? నా కొడుకు నీ చేతుల్లోనే పుట్నాడు. ఈ పొగకు రాత్రీ పగలూ దగ్గుతాండాడు. గాలి మా పక్కకే కొడ్తాది. చెత్త మీ మనుషులు పోస్తే ఏంది, కంపెనీ పోస్తే ఏంది? మాకొచ్చే పొగ ఒకటే గదా."

నర్సమ్మ పిల్లవాణ్ణి చూడాలని ఆమె వెంట పల్లెలోకి నడిచారు. ఎవరూ పిలవకపోయినా నేనూ వెనకాలే వెళ్ళాను. ఆమె ఆ పిల్లవాడి వీపుకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి తల ఎత్తి, "మన చెత్త ఎవురికియ్యాలని ఇన్నాళ్ళు కొట్లాడుకుంటిమి పద్మా. ఈళ్ళకు ఎప్పుడో ఇచ్చేసినాం" అన్నారు.

తిరిగి వస్తూ జీపులో అడిగాను. "అమ్మా, నన్నేం చేయమంటారు? రెడ్డన్న కంపెనీకే ఓటెయ్యమన్నాడు."

ఆమె కిటికీ బయటికి చూస్తూనే, "నన్నడగొద్దు పాపా. నేను చెప్తే ఎత్తినావంటే అది మల్లా నా చెయ్యే అవుతాది" అన్నారు.

ఆమె మీద కోపం వచ్చింది. ఒక్క మాట చెబితే సరిపోయేది కదా అనిపించింది.

ఓటింగు రోజు నర్సమ్మ తన తీర్మానం తనే చదివారు. పని కంపెనీకి ఇవ్వకూడదు, చెత్త ఇళ్ళ దగ్గరే వేరు చేయాలి, దిబ్బకు నిప్పు పెట్టకూడదు. చెప్పినట్టే, మెట్ల మీదివాళ్ళకు ఆ మాట ముందే చెప్పి లోపలికి వచ్చారు. రెడ్డన్న నా వైపు చూస్తూనే ఉన్నాడు. నా చెయ్యి ఒళ్ళో రాయిలా ఉంది. ఎప్పుడు లేచిందో నాకే తెలియలేదు. తల తిప్పి చూస్తే అది గాలిలో ఉంది. స్వల్ప తేడాతో తీర్మానం గెలిచింది. ఆ సాయంత్రం మా మామగారు నాతో మాట్లాడలేదు.

తర్వాత కథంతా గెలుపు కాదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమంటే ఊరంతా నర్సమ్మను తిట్టింది. తర్వాతి ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. కొత్త కౌన్సిలు పనిని మరో కంపెనీకి ఇచ్చేసింది. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళను ఆ కంపెనీయే పనిలోకి తీసుకుంది. కానీ దిబ్బకు నిప్పు పెట్టకూడదన్న షరతును ఎవరూ తీసేయలేకపోయారు. కొత్త కౌన్సిలు కూర్చున్న ప్రతిసారీ గుట్టకిందపల్లె జనం వచ్చి తలుపు దగ్గర నిలబడేవాళ్ళు. ఓబులమ్మ కొడుకు ఇప్పుడు బత్తలపల్లెలో మెకానిక్కు. నర్సమ్మ పోయినప్పుడు పాడె మోసినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

నేను మళ్ళీ ఎన్నికల్లో నిలబడలేదు. అయినా బడి కమిటీ అనీ, పొదుపు సంఘం అనీ చెయ్యెత్తాల్సిన సందర్భాలు వస్తూనే ఉంటాయి. అందరూ ఎత్తేశాక కూడా నాది కాసేపు కిందే ఉంటుంది. పక్కవాళ్ళు విసుక్కుంటారు, "ఏంటికక్కా ఇంత ఆలోచన?" అంటారు. ఈ గదిలో లేనివాళ్ళు ఎవరు, మేం వద్దనుకున్నది ఎవరి ఇంటి మీదికి పోతుంది అని వెతుక్కుంటూ ఉంటాను. తెలియకపోతే తెలియదనే చెబుతాను. తెలిసిన రోజు మాత్రం నా చెయ్యి నేనే ఎత్తుతాను.