పుట్టిన సముద్రంలో చుట్టం

భర్త చనిపోయిన ఏడాదే బూ మల్‌సూన్ పుట్టిన ఊరికి తిరిగి వచ్చింది. వయసు అరవై దాటింది గాని ఊపిరి ఇంకా ముసలిది కాలేదు. కొరియాలోని జేజు దీవిలో ఆమె పుట్టిన సిన్‌మోక్‌కూ మెట్టిన ఊరికీ నడుమ ఒక్క గుట్ట అడ్డం. ఆ గుట్ట అవతల నలభై ఏళ్లు ఆమె సముద్రంలో మునిగి, అడుగున గుల్లలూ నత్తలూ ఏరి సంసారం నడిపింది. అన్నేళ్లూ అక్కడివాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిచింది తక్కువ, "సిన్‌మోక్ ఆవిడ" అన్నది ఎక్కువ. చివరికి రేవు కడతామని ఆ తీరాన్ని రాళ్లతో పూడ్చేశారు. ఏరుకోవడానికి బురదే మిగిలింది.

తమ్ముడి నారింజతోట పక్కన గది అద్దెకు తీసుకుని, నీటిమీద పట్టుకు తేలే ఆనపకాయ బుర్రా, ఏరినవి వేసుకునే వలసంచీ భుజాన వేసుకుని మర్నాడే ఒడ్డుకు దిగింది. రాళ్లు గుండ్రంగా పేర్చిన గోడ లోపల మునకగత్తెలు మంట కాచుకుంటున్నారు. ఆమెను చూసి అందరూ లేచారు. పొగ తగలని వైపు, ఆరితేరినవాళ్లు కూర్చునే చోట కూర్చోబెట్టి, కాల్చిన నత్తల్లో పెద్దవి ఏరి ముందుపెట్టారు.

"తినండి పిన్నీ, మొహమాటపడకండి" అంది కాంగ్ మీజా. మూడేళ్ల కిందట వేరే ఊరినుంచి ఈ ఊరి కోడలై వచ్చిన మనిషి.

మల్‌సూన్ కళ్లు చెమర్చాయి. తిని, చేతులు తుడుచుకుని నీటివైపు నడిచింది.

"ఏమే, ఎక్కడికి?" అని అడ్డం వచ్చింది హ్యోన్ ఓక్‌రాన్. మునకగత్తెలకు పెద్ద, మల్‌సూన్‌కు చిన్ననాటి జతగత్తె.

"ఎక్కడికేంటి? నీళ్లలోకి."

"ఎన్నాళ్లైనా ఉండు, కడుపునిండా తిను. కాలు మాత్రం తడపకు. నువ్వు పెళ్లై వెళ్లిననాడే ఈ నీళ్లలో నీ వాటా పోయింది. సంఘం కట్టుబాటు. నేను పెట్టింది కాదు."

"మరి ఈ రాచమర్యాద దేనికే?"

"చుట్టానివి కనక."

కట్టుబాటుకు కారణం లేకపోలేదు. ఎవరు పడితే వాళ్లు దిగితే అడుగున ఏదీ మిగలదు. కాని మగవాడు పుట్టినచోటే చచ్చేదాకా సొంతవాడై ఉండగా, నీటిని నమ్ముకున్న ఆడదే రెండు ఒడ్డులకూ అతిథి కావలసిరావడం ఏ న్యాయమో, ఆ నియమాలు రాసినవాళ్లు ఏ పుటలోనూ రాయలేదు. నిన్న వచ్చిన కోడలికి హక్కుంది. ఇక్కడే ఈత నేర్చిన ఆడపడుచుకు నత్తలున్నాయి.

ఏటా చలి తగ్గకముందే రాళ్లకు పట్టిన కలుపునాచు గీకుతారు. హక్కున్న ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి రావాలి, లేకుంటే జరిమానా. చుట్టాన్ని ఆ పనికి ఎవరూ పిలవరు. మల్‌సూన్ పిలవకుండానే కొడవలితో వచ్చింది.

"నీకెందుకే ఈ చాకిరీ? గంజి కూడా మాకు సరిపోయేంతే కాచాం" అంది ఓక్‌రాన్.

"నాది నేను తెచ్చుకున్నాలే."

ఎవరూ ఆపలేదు, పలకరించనూ లేదు. ఈదురుగాలిలో నడుం వంచి గీకుతూనే ఉంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి వెనకనుంచి ఓక్‌రాన్ కేక వినిపించింది.

"ఒసేయ్ మల్‌సూన్! అదేం గీకుడే? నాచు వేళ్లన్నీ రాతికే వదిలేస్తున్నావు. గుట్ట అవతల నీకు నేర్పిందిదేనా? మొదటినుంచి గీకు!"

నలభై ఏళ్లలో ఆమె పనికి వంకపెట్టినవాళ్లు లేరు. మొహం జేవురించింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఇన్నాళ్లూ ఈ ఒడ్డున తనకు మర్యాద చేసినవాళ్లేగాని తిట్టినవాళ్లు లేరు. వెనక్కి వెళ్లి మళ్లీ గీకింది.

సాయంత్రం ఓక్‌రాన్ పక్కన చతికిలబడింది. "సంఘంలో నీ మాట ఎత్తుతాను. ఒప్పుకున్నా తొలి ఏడాది కొత్తవాళ్లతో ఒడ్డువారనే."

"నేనా? నీకంటే రెండు బారలు లోతుకు వెళ్లేదాన్ని!"

"అప్పుడు. ఇప్పుడు ఏ రాయి ఎక్కడుందో చెప్పు చూద్దాం."

మల్‌సూన్ నీటివైపు చూసింది. ఒకచోటు చూపబోయి, ఎత్తిన చెయ్యి దించేసింది.

వాదోపవాదాలయ్యాక, వసంతంలో సంఘం ఒప్పుకుంది. తొలిరోజు మీజా ముందు ఈదుతూ వెనక్కి తిరిగింది.

"అటు వద్దు పిన్నీ, అక్కడ సుడి లాగేస్తుంది."

"నాకు చెబుతావా? నేను ఈత నేర్చింది ఇక్కడేనే!"

"అప్పటికి సుడి పుట్టలేదేమో. రండి, రండి."

మల్‌సూన్ గొణుక్కుంటూ మీజా వెనకే ఈదింది.