తప్పు కనబడేలా దిద్దిన మనిషి

ఆదివారం పొద్దున్న ఇడ్లీ పొట్లం విప్పుతుంటే మా ఆడిటరుగారి కోడలు ఫోన్ చేసింది. "మావయ్యగారు పోయారండీ" అంది. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. ఆ కబురు విన్నాక నేను మొదట చేసిన పని చెబితే నవ్వుతారు. నా ఆఫీసుకెళ్లి, సొరుగులో ఉన్న, తప్పు రాతల మీద తెల్లగా పూసే వైట్‌నర్ సీసా తీసి చెత్తబుట్టలో పారేశాను. ఆయన బతికుండగా ఆ పని చెయ్యలేదు.

విజయనగరంలో ఆయన దగ్గరే నేను లెక్కలు నేర్చుకున్నాను. పరీక్ష పాసయ్యాక కూడా కొన్నేళ్లు జూనియరుగా ఉన్నాను. ఆ ఆఫీసులో వైట్‌నర్ అడుగుపెట్టడానికి వీల్లేదు. తప్పు అంకె పడితే దాని మీద ఒక్క గీత గీసి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కింద ఉన్న తప్పు చదవడానికి రావాలి. గజిబిజిగా కొట్టేస్తే పేజీ మొత్తం మళ్లీ రాయించేవారు. "తప్పుని దాసీకూడదురా. కనబడనీయాల, పక్కనే దిద్దాల" అనేవారు.

వ్యాపారులకి ఆయనంటే గౌరవమే గానీ, చూస్తే కాస్త దిగులు. గోడౌను నిండా సరుకుంది, ధర పెరుగుతోంది, ఈ ఏడు లాభమే కదండీ అని ఎవరైనా మురిసిపోతే, అమ్మకుండానే లాభం ఏటని అడిగేవారు. నష్టం వాసన తగిలితే మాత్రం ఆ ఏడాదే రాయించేవారు. లాభం చేతికొచ్చాకే రాయాలి, నష్టం అనుమానమొచ్చినప్పుడే రాయాలి. ఈ సూత్రం నేను పుస్తకంలో బట్టీపట్టాను, ఆయన మొహంలో చూశాను.

ఈ దిద్దుబాటు పిచ్చి ఆయనకి కాగితాలతో ఆగలేదు. ఒకసారి నరసన్నపేటలో బియ్యం కొట్టు సరుకు లెక్క చూస్తూ, బస్తాలు తగ్గాయని అక్కడి గుమాస్తాని జనం ముందు కేకలేశారు. ఇంటికొచ్చాక తెలిసింది, పొరపాటు గుమాస్తాది కాదు, ఆయనే ఒక వరస బస్తాలని లెక్కలోంచి రెండుసార్లు తీసేశారు. ఫోన్ చేసి చెబితే పోయేదానికి మర్నాడు బస్సెక్కారు, నన్నూ ఎక్కించారు. కొట్లో జనం లేరని టీ తాగుతూ కూచున్నారు. బేరాలు మొదలయ్యాక లోపలికెళ్లి, నిన్న తప్పు నాదని గట్టిగా చెప్పారు. పాపం, ఆ గుమాస్తాకి ఎటు చూడాలో తెలియలేదు. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఇంత అవసరమా అని బస్సులో అడిగితే, "ఎక్కడ తిట్టేనో అక్కడే దిద్దాల కదా" అని కిటికీలోంచి చూస్తూ కూచున్నారు.

ఇక అసలు సంగతి. భోగాపురం దాటాక సముద్రపొడ్డున ఒక చిన్న పల్లెలో ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్ల సంఘం ఉంది. వాళ్ల లెక్కలు మేమే చూసేవాళ్లం. ఒక ఏడు సరుకు మోసుకెళ్లే బండి కొనుక్కోమని సంఘానికి సర్కారు సాయం వచ్చింది. అలాంటి సాయం ఆ ఏటి సంపాదన కాదు. బండి ఎన్నేళ్లు నడుస్తుందో అన్నేళ్లకీ కొంచెం కొంచెంగా పంచి చూపించాలి. అంత పెద్దాయన, ఎందుకో ఆ ఒక్కసారి, మొత్తం సొమ్ముని ఆ ఏటి ఆదాయంలో వేసేశారు. కాగితం మీద బోలెడు లాభం కనబడింది. సాయం బండికే పోయినా, లాభమనుకుని సరుకు కొనే డబ్బుని సంఘం పంచేసుకుంది. కొందరు చెవులకి దుద్దులు కొనుక్కున్నారు, కొందరు ఇంటి కప్పు బాగుచేయించుకున్నారు.

మరుసటేడు తప్పు ఆయనే పట్టారు. నేనొక సలహా ఇచ్చాను. పాతది తవ్వకుండా ఆ తేడాని ఈ ఏటి ఖర్చుల్లో కలిపేద్దాం, ఎవరికి తెలుస్తుందని. ఆయన నన్ను తిట్టలేదు. కలిపేస్తే ఈ ఏడు నష్టం కనబడుతుంది కదా, అది ఎవరు తిన్నారంటారు జనం అని అడిగారు. ఇప్పుడు పంచడానికి డబ్బు లేకపోయేసరికి సంఘం పెద్దావిడ నొక్కేసిందని పల్లెలో అప్పటికే గుసగుసలు. పాత ఏటి తప్పుని పాత ఏటి తప్పుగా విడిగా చూపించాలి, ఎలా జరిగిందో చెప్పాలి. లెక్కల ప్రమాణాలు అదే చెబుతాయి. ఆ ముక్క రాసే నేను పరీక్ష పాసయ్యాను.

సమావేశం చేపలు ఆరబెట్టే పాకలో పెట్టారు. ఆయన నిలబడి, నిరుడు మీకు చూపించిన లాభం నిజం కాదు, తప్పు నాది, మీ పెద్దావిడది కాదు అని మొదలుపెట్టారు. ఆడవాళ్లు లేచారు. మరి మేం ఖర్చుపెట్టుకున్నదాని మాటేటని ఒకావిడ నిలదీసింది. రెండేళ్లు పంచుకోకుండా సర్దుకోవాలని చెప్పారాయన. ఆయన పక్కన కుర్చీలో నేనున్నాను. వాళ్లు నన్ను కూడా చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. జేబులోంచి ఫోన్ తీసి చెవిన పెట్టుకుని, హలో హలో అంటూ బయటికెళ్లిపోయాను. అంతా అయ్యేదాకా స్కూటరు దగ్గరే నిలబడ్డాను.

పోయిన వారం వర్తకుల హాల్లో సంతాప సభ పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. ఆయన జీవితంలో ఒక్క అంకె తప్పు వెయ్యలేదని చెప్పాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. ఆ పల్లె సంఘం పెద్దావిడ. నేను వెంటనే గుర్తుపట్టలేదు, ఆవిడ గుర్తుపట్టింది.

"తప్పు సేసినారు బాబూ" అంది. "మా పాక కాడికొచ్చి, మా ముందరే నిలబడి సెప్పినారు. ఆ బాబు సెప్పకపోతే నన్ను దొంగని సేసేద్దురు. ఆ మాట సెప్పాల గదా." ఆవిడే నా మీద జాలిపడి, "ఆ రోజు నువ్వు ఫోనొచ్చి బయటికెల్లిపోనావు, నీకు తెలీదు గావాల" అని కూచుంది.

నాకు తెలుసమ్మా అని అప్పుడు కూడా అనలేదు. తలాడించి మైకు పక్కవాడికిచ్చాను. మెచ్చుకుంటున్నాననుకుంటూ ఆయన మీద వైట్‌నర్ పూశాను. అందుకే సిగ్గుతో ఇది రాస్తున్నాను. ఆయన ఒక తప్పు చేశారు. దాన్ని జరిగినచోటే దిద్దారు. అప్పుడు ఆయన పక్కన నా కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ రోజు ఆయన పాకలోంచి బయటికొచ్చేసరికి నా చేతిలో ఇంకా ఫోన్ ఉంది. చొక్కా చెమటకి తడిసిపోయింది, చెప్పుల నిండా ఇసుక. "మాటాడేవా?" అని అడిగారు. మాట్లాడానండి అన్నాను. ఆ పల్లెలో ఫోన్లకి సిగ్నల్ అందదు. ఆ సంగతి పొద్దున్న వస్తూ నాకు చెప్పింది ఆయనే. మరింకేమీ అడక్కుండా స్కూటరెక్కి వెనక కూచున్నారు. దారంతా గోతులు. పడిపోకుండా నా భుజం మీద చెయ్యి వేసుకున్నారు. తారు రోడ్డెక్కాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు.