రోహిణి కార్తెలో నీళ్ళు తాగి చూడని ఇల్లు

సహోదరీ సహోదరులారా, మన సంఘంలో నా గురించి చెప్పుకునే కథ తప్పు! "జ్ఞానమ్మక్కకు దేవుడు కలలో ఇల్లు చూపించినాడంట" అంటున్నారు. నాకు ఏ కలా రాలేదు. దేవుడికి మహిమ రావడానికి మన అబద్ధాలు అక్కర్లేదు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయన రిటైరయ్యేనాటికి నాయుడుపేటలో హైవే పక్కన ఉండేవాళ్ళం, ఆ లారీల దుమ్ము ఇక చాలు, మిగిలిన కాలం సముద్రపు గాలిలో గడుపుదామని పట్టుబట్టి, వాకాడు దాటి తీరం దగ్గర స్థలం ఎంచింది నేనే. ఆయనకు కిడ్నీలు బలహీనం, ఉప్పు తగలనీయొద్దని డాక్టరు మరీమరీ చెప్పినాడు. అందుకని ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన నేను డిసెంబరులో బోరు నీళ్ళు తాగి చూసి, భేషుగ్గా ఉన్నాయని తేల్చేసినాను!

పునాది ప్రార్థన రోజు చేపలమ్మే పోలమ్మ గంప దించి, "అక్కా, వానలు పడినాక ఏ బోరైనా తియ్యగానే ఉంటాది. మేం రోహిణి కార్తెలో తాగి చూసినాకనే గుడిసె వేస్తాం" అంది.

"కార్తెలూ గీర్తెలూ మాకు లేవమ్మా, మేం ప్రార్థన చేసి కడతాం" అన్నాను. అందరూ నవ్వినారు.

"ప్రార్థన చేస్తే ఉప్పు పోతాదా అక్కా?" అని గంపెత్తుకుని పోయింది.

ఇల్లు కట్టుకుని చేరినాక, ఎండలు ముదిరే కొద్దీ నీళ్ళలో ఉప్పు రోజుకింత పెరిగింది, అన్నంలో, కాఫీలో అలవాటైపోయి నా నాలుకకే తెలియలేదు! ఆయన కాళ్ళు వాచినాయి, ఊపిరి అందలేదు, నెల్లూరు ఆసుపత్రికి మోసుకుపోతే డాక్టరు అడిగిన మొదటి మాట, "ఏ నీళ్ళు తాగుతున్నారు?" తిరిగొచ్చినాక చూస్తే మంచినీళ్ళ క్యాన్ల ఆటో మా ఇసుక దారిలోకి రాదు. మోకాళ్ళ మీద పడి ఏడ్చినాను: "ప్రభువా, గాలి చూసినాను, నీళ్ళు చూడలేదు, చెప్పిన మనిషిని ఎగతాళి చేసినాను, నా పొగరుకు ఆయన్ని బలి చేయొద్దు తండ్రీ!"

ఆ మర్నాడు పొద్దున్నే గుమ్మంలో పోలమ్మ, నెత్తిన బిందె! ఇసుక దిబ్బ కింద చెలమ తవ్వి తోడిన మంచినీళ్ళు.

"నీ మీద కోపం పోలేదు అక్కా. అన్న దాహం ఏం పాపం చేసింది?" అంది.

వానలు పడేదాకా రోజూ మోసింది. దిబ్బకు ఇవతల, వాళ్ళ వీధి చివర ఇల్లు చూపించిందీ ఆమే. ఈసారి నేను మరుసటి ఏడు రోహిణి కార్తెదాకా ఆగి, అక్కడి నీళ్ళు తాగి చూసి, అప్పుడు చేరినాను. మందులూ ఆ నీళ్ళూ పడి ఆయన వాపు తీసింది, ఇప్పుడు మందిరానికి నడిచి వస్తున్నాడు. దేవునికే మహిమ! మేం కట్టిన ఇంట్లో పోలమ్మ వాళ్ళు వలలు పెట్టుకుంటున్నారు.

ప్రియులారా, ప్రభువును నమ్మండి, ఆయన తప్పకుండా ఆలకిస్తాడు. జవాబు మాత్రం మీకు నచ్చిన మనిషి చేతే పంపాలని పట్టుబట్టకండి. పోలమ్మ మందిరానికి రాదు, పిలిస్తే "ఆదివారం చేపలు నువ్వమ్ముతావా?" అంటాది. సరే. కానీ మీరు చెప్పే కథలో రాని కల ఉంది, వచ్చిన పోలమ్మ లేదు. దేవుడు వాడుకున్న మనిషిని సాక్ష్యంలోంచి తీసేయమని మీకు ఎవరు చెప్పినారు?