మూడు కోటింగుల బంగారం

కిందటి సంవత్సరం నవంబరు పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి నా డబుల్ బాస్ మా ఇంటి గడప దాటింది. పాత దుప్పట్లు రెండు కప్పి, ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లారు. కింది వాటాలో ఉండే ఇంటావిడ వాకిట్లో నిలబడి చూసింది.

"మంగళారం పూట ఇంట్ల వస్తువు బయటికియ్యరమ్మా, తెల్వదా?"

తెలుసన్నాను. బుధవారం పొద్దున సినిమావాళ్లకు సెట్లో ఉండాలంటే మంగళవారమే పోవాలని చెప్పాను.

"అయితే ఇగ వాపసొచ్చినట్టే," అంది.

వాపసు వచ్చింది. ఎలా వచ్చిందన్నదే ఇక్కడ రాయవలసింది.

డబుల్ బాస్ వయొలిన్ జాతిలో అన్నిటికన్నా పెద్దది. నిలబెడితే నాకన్నా జానెడు పొడుగు. పక్కన నిలబడి, ఎడమ చేత్తో మెడ పట్టుకుని, కుడిచేతి వేళ్లతో తీగలు లాగి వాయిస్తాను. తీగలు నాలుగు. ఫిల్మ్‌నగర్‌లో దీన్ని కొందరు పెద్ద వయొలిన్ అంటారు, కొందరు పెద్ద గిటార్ అంటారు. ఆటోవాళ్లు ఏమీ అనరు, ఇద్దరు మనుషుల కిరాయి అడుగుతారు.

నాకిది బెజవాడ రైల్వే కాలనీలో దొరికింది. అక్కడి క్లబ్బు బ్యాండులో దీన్ని వాయించే ఆయన కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, ఓడలోకి ఎక్కించలేక మా నాన్నకు వదిలేశాడు. మా ఇంట్లో పొడుగ్గా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నాకిచ్చారు. నా సంగీత జీవితానికి అంతకుమించిన కారణం లేదు. ఆ బ్యాండులో మిగిలినవాళ్ల దగ్గర జాజ్ నేర్చుకున్నాను. అందులో బాస్ పని నడవడం. పైన పియానో ఎటు పరుగెత్తినా, కింద లెక్క తప్పకుండా నడుస్తూ ఉండాలి. తరవాత మద్రాసులో సినిమా రికార్డింగులకు వాయించాను. పరిశ్రమ ఇటు వస్తే నేనూ ఇటు వచ్చాను. కొన్నాళ్లకు కీబోర్డు వచ్చింది. నేను రెండు చేతులతో చేసే పని అది ఒక వేలితో చేయసాగింది. అప్పటినుంచి నాకు మిగిలింది జాజ్ ఒక్కటే. జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ హోటలు మేడమీద శనివారం సాయంత్రాలు ముగ్గురం వాయిస్తాం: పియానో ఆయన, డ్రమ్స్ ఆయన, నేను. వినేవాళ్లు ఎక్కువమంది కాఫీ కోసం వచ్చినవాళ్లే. వెళ్లిపొమ్మని మాత్రం ఎవరూ అనలేదు.

ఇన్నేళ్లలో నా పేరు మీద ఒక్క రికార్డు లేదు. ఇతరుల బాణీల కింద నడుస్తూనే ఉన్నాను. అయినా నా బాణీలు ఆరు ఉన్నాయి. శ్రీనగర్ కాలనీలో స్టూడియో ఉన్న ఒక సౌండ్ ఇంజనీరు డిసెంబరు ఏడో తేదీ ఆదివారం మాకోసం ఖాళీగా ఉంచుతానన్నాడు. మిగతా రోజులన్నీ సినిమా పనులు. పియానో ఆయన రోజూ ఒక స్టార్ హోటల్ లాబీలో వాయించాలి, ఆయనకూ ఆ ఒక్కరోజే సెలవు దొరికింది. ఆరు బాణీల్లో మొదటిది నా మందపు తీగతో మొదలవుతుంది. తీగను ఒక్కసారి లాగి వదిలేస్తాను. ఆ నాదం తగ్గుతూ తగ్గుతూ ఇక లేదనిపించే చోట పియానో అందుకుంటుంది. మొదలంటూ అక్కడ ఉన్నది ఆ తీగ మోగడమే. ప్రతి నెలా ఒకటో తారీఖున మా నాన్న రైల్వే గడియారం పెట్టుకుని దాన్ని కొలుస్తాను. తొమ్మిది సెకన్లు మోగేది.

నవంబరు మొదటి వారంలో ఒక అసిస్టెంట్ డైరెక్టర్ మా ఇంటికొచ్చాడు. కోస్తా కుర్రాడు, చెప్పులు బయటే విప్పాడు.

"అమ్మగారూ, మా హీరోగారు ఫారిన్ క్లబ్బులో జాజ్ వాయిస్తారండీ, పాటలో. నిజం బాస్ కావాలండీ. ఆయనకి ప్రాక్టీసుకి టైమ్ లేదు, అందుకని క్లోజప్‌లో చేతులు కూడా మీవే కావాలి."

"నాకు డెబ్బై మూడేళ్లు."

"చేతులే కదండీ."

ఒప్పుకున్నాను. నా వేళ్లను విన్నవాళ్లు లక్షల్లో ఉంటారు, చూసినవాళ్లు లేరు. ఒకసారి చూడనిద్దామనుకున్నాను. నాలుగు షరతులు పెట్టాను. ఎండలో పెట్టకూడదు, ఏసీ గాలికి ఎదురుగా పెట్టకూడదు, గోడకు ఆనించకూడదు, తీగలు వదులు చేయకూడదు. నాలుగూ పాటించారు. రంగు వేయకూడదని నేను చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతని ఎవరికి తోస్తుంది?

బుధవారం పది గంటలకు సెట్లో అడుగుపెట్టేసరికి, మధ్యలో ఒక బంగారు వస్తువు నిలబడి ఉంది. పక్కన ఆర్ట్ అసిస్టెంట్, నల్లగొండ వైపు మనిషి, చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"అమ్మా, జర చూడుండ్రి. గుర్తువడుతున్నదా?"

"ఏమిటిది?"

"మీదే అమ్మా! ఎనకంత కట్టె సెట్టు గదా, మీ బ్రౌను కలరు అండ్ల కలిసిపోతున్నది. రిచ్‌గ కొట్టాలె అన్నడు డైరెక్టర్ సారు."

"అంతా వేశారా?"

"ముందల, ఎనక, పక్కలు. ఏడ ఇడిచిపెట్టలే. మామూలు ప్రాపర్టీకైతే కెమెరాకు కనవడేది ఒక్క దిక్కు ఒక్క కోటింగు కొడ్తం. మీదని మూడు ఏసినం."

సినిమాలో సెట్టు మీదికి వచ్చిన ప్రతిదాన్నీ ప్రాపర్టీ అంటారు. నిన్న ఆకుపచ్చగా ఉన్న సోఫా ఇవాళ తెల్లగా ఉంటుంది, రేపు ఎర్రగా ఉంటుంది, సోఫా ఏమీ అనుకోదు. ఆ లెక్కన అతను నన్ను గౌరవించాడు. మూడింతలు గౌరవించాడు.

మందపు తీగ లాగాను. నిండు బియ్యం బస్తాను తట్టినట్టు పలికింది. లైట్‌మెన్ కేకల మధ్య గడియారం చూశాను. నాలుగు సెకన్లు. బాస్‌లో మోగేది తీగ కాదు, దాని పొట్ట మీది పలక. ఆ పలక వణకాలి. మూడు కోటింగుల పెయింటు దాన్ని పట్టుకుని కూర్చుంది.

అతను నా మొహం చూశాడు. "బాగలేదా అమ్మా?"

"బాగుంది. పలకడం లేదు."

"పాట ముందే రికార్డు జేసిన ట్రాక్ మీద వస్తది గదమ్మా. ఇది పలికితే ఏంది, పలక్కపోతే ఏంది?"

అతని పనికి సంబంధించినంతవరకు అది సరైన ప్రశ్నే.

తరవాత మేకప్ ఆయన నా గాజులు తీయించి, మణికట్టు దగ్గరనుంచి వేళ్ల దాకా జిగురు రాసి, వెంట్రుకలు అతికించాడు. నల్లకోటు తొడిగారు. హీరో పక్క కుర్చీలో కూర్చుని నా చేతులను చూసి, తన చేతులను చూసుకుని, ఫోన్ తీశాడు. కెమెరా ముందు నేను వాయించడం మొదలుపెట్టాక అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గరికొచ్చాడు.

"అమ్మగారూ, కొంచెం మగాళ్లు వాయించినట్టు వాయించండి."

"వాళ్లెలా వాయిస్తారు?"

"కొంచెం తప్పులున్నా పర్లేదండీ."

సాయంత్రానికి అంతా అయింది, రెండు షాట్లు తప్ప. హీరో మర్నాడే ఇంకో సినిమాకు గడ్డం పెంచడానికి వెళ్లిపోతున్నాడు. గడ్డం తీసి తిరిగొచ్చేది డిసెంబరు పద్దెనిమిదిన. అప్పటిదాకా రంగు అలాగే ఉండాలన్నారు. మొదటి షాట్లో బంగారం, తరవాతి షాట్లో కట్టె అయితే కంటిన్యుటీ పోతుంది. బాస్‌ను మా మెట్లమీదుగా ఆ ఆర్ట్ అసిస్టెంటే మోసుకొచ్చాడు. గది మూలలో నిలబెట్టి, అక్కడే ఆగాడు.

"అమ్మా, షూటింగ్ అయినంక నేనే తీస్త. ఒట్టు. మధ్యల మీరు తీస్తే నా నౌకరి పోతది."

మర్నాడు యూసుఫ్‌గూడలో ఒక పాలిష్ మేస్త్రీని అడిగాను. పది రోజుల్లో తీసిస్తానన్నాడు. రికార్డింగుకు ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి. తీయించి, ఆరబెట్టి, ఆరు బాణీలూ రికార్డు చేసుకోవచ్చు. లెక్క సరిపోయింది. శనివారం దాకా ఆలోచించాను.

శనివారం హోటల్ మేడమీద పియానో ఆయన బాస్ కవరు తీయగానే ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఏమిటండీ ఇది! నగలు కూడా చేయించారా?"

"సినిమావాళ్లు."

"రాబోయే వరలక్ష్మీ వ్రతానికి దీన్నే పీట మీద కూర్చోబెట్టండి. పేరంటాళ్లు ఊరికే వస్తారు."

ఒక బాణీ వాయించాక ఆయన నవ్వడం మానేశాడు. "తీయించెయ్యండి. పదిహేను రోజులు చాలు. వాళ్ల సినిమా వాళ్లు చూసుకుంటారు."

"మద్రాసులో రికార్డింగంటే ఎలా ఉండేదో మీకు తెలుసు. అందరం ఒక్కసారే వాయించేవాళ్లం. ఒక్కరు తప్పితే హాల్లో అందరూ మళ్లీ మొదటినుంచి. ఆ ఒక్కరూ నేను ఎప్పుడూ కాలేదు."

"ఇప్పుడెవరూ మళ్లీ వాయించరండీ. అతికించేస్తారు."

"షూటింగ్ అతికించరు."

"మీ చేతులకి వెంట్రుకలు అతికించలేదూ?"

బాస్‌కు కవరు తొడిగి ఇంటికి తెచ్చుకున్నాను. రంగు మాత్రం తీయించలేదు.

డిసెంబరు ఏడున పది గంటలకు స్టూడియోలో మొదలుపెట్టాం. చురుకైన బాణీలు ముందు వాయించాం. నాదం పొట్టిగా ఉంటే వాటికేమీ నష్టం లేదు. డ్రమ్స్ ఆయన ఇలా పొడిగా ఉంటేనే తనకు హాయిగా ఉందన్నాడు. ఆయన ముప్పై ఏళ్లుగా నా మీద చెప్పకుండా దాచుకున్న ఫిర్యాదు అదన్నమాట. మూడు గంటలకల్లా ఐదు అయ్యాయి. రికార్డులో ముందు రావలసినదాన్ని చివరికి ఉంచుకున్నాం.

మందపు తీగ లాగి వదిలాను. నాలుగు సెకన్లకు అయిపోయింది. పియానో ఆయన అలవాటు ప్రకారం ఇంకా ఆగి ఉన్నాడు. మధ్యలో ఏమీ లేదు. ఆ తరవాత ఆయన అందుకుంటే, ఎవరూ లేని ఇంట్లోకి పిలుస్తూ వచ్చినట్టుంది. రెండోసారి ముందుగా అందుకున్నాడు. అప్పుడు నన్ను తోసుకుని వచ్చినట్టుంది. మూడోసారి నేను తీగను గట్టిగా లాగాను. గట్టిగా మొదలై, నాలుగు సెకన్లకే అయిపోయింది.

అద్దం అవతలనుంచి ఇంజనీరు గొంతు వినిపించింది. "అమ్మా, తొమ్మిది కావాలా, పందొమ్మిది కావాలా చెప్పండి. కంప్యూటర్లో నేను లాగుతాను."

"అప్పుడు రికార్డు మీద బాస్ వాయించినవారని మీ పేరు వేయాలి."

"ఎవరికి తెలుస్తుందమ్మా?"

"పేరు వేస్తే అందరికీ తెలుస్తుంది."

పియానో ఆయన మూత దించేశాడు. "ఐదు చాలండీ. ఆరు సరిసంఖ్య, శుభానికి పనికిరాదు." ఆయనకు సంఖ్యల మీద నమ్మకం ఉందని అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

డిసెంబరు పద్దెనిమిదిన మిగిలిన రెండు షాట్లు తీశారు. అంతకుముందు ఆర్ట్ అసిస్టెంట్ నా చెయ్యి రాసుకుని రంగు అరిగినచోట నాలుగో కోటింగు వేశాడు. షాటయ్యాక, అన్నమాట ప్రకారం, బాస్‌ను తనే యూసుఫ్‌గూడ మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్లాడు. పని అయ్యాక రోజూ సాయంత్రం వచ్చి మేస్త్రీ పక్కన కూర్చుని గీకేవాడు. నేనూ వెళ్లి స్టూలు మీద కూర్చునేదాన్ని. పదో రోజు తీగలు ఎక్కించాను.

"ఎంతసేపు మోగాలె అమ్మా?"

"తొమ్మిది."

"నేను లెక్కవెడ్త." కళ్లు మూసుకున్నాడు. తీగ లాగాను. వేళ్లు ఒక్కొక్కటే ముడిచాడు. ఆరు వేళ్ల తరవాత ఏడోది సగం ముడిచి ఆగిపోయాడు.

"మిగిలింది ఏడికి వోయింది?"

రంగుతోపాటు పాత వార్నిష్ కూడా లేచిపోయిందనీ, కట్టె గీతల్లో దిగిన పెయింటు అక్కడే ఉండిపోయిందనీ చెప్పాను. చాలాసేపు పొట్ట పలక మీద చెయ్యి పెట్టి ఉంచాడు.

"మీదనిజెప్పి మంచిగ ఏసిన అమ్మా."

"తెలుసు."

"మల్ల దీని మీద ఏదన్న ఏస్తే వస్తదా?"

"ఏమీ వెయ్యకు."

మార్చిలో పాట విడుదలైంది. అందులో బాస్ చప్పుడు కీబోర్డుది. హీరో ఈ పాట కోసం మూడు నెలలు బాస్ సాధన చేశానని ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. నా చేతులు ఒకసారి కనిపించాయి. ఇంటావిడ ఫోన్లో చూసి, మళ్లీ వెనక్కి జరిపి చూసి, నన్ను పిలిచింది.

"గీ హీరో చేతులకు గిన్ని ముడుతలేంది? పాపం, తిండి తింటలేడా?"

షూటింగులని తిరుగుతాడు, వేళకు తినడని చెప్పాను.

పియానో ఆయన, మళ్లీ ఒకరోజు స్టూడియో దొరికితే ఆరోది వాయిద్దామా అని అడిగాడు. ఆరున్నర సెకన్లతో ఇంట్లో వాయించి చూశాను. వినసొంపుగానే ఉంది. అది వేరే బాణీ.

పోయినవి ఇవి: పాత వార్నిష్ మొత్తం. మణికట్టు మీద జిగురుతో ఊడిన కాస్త చర్మం, అది తిరిగి వచ్చింది కాబట్టి లెక్కలోకి రాదు. మందపు తీగలో రెండున్నర సెకన్లు. ఆరు బాణీల్లో మొదటిది. రికార్డు రెండోదానితో మొదలవుతుంది.