తూనీగ పిల్ల, టేకు చేప

సారు పోయారని పటాన్‌చెరు బస్టాండులో ఆయన చిన్నకొడుకు చెప్పాడు. "బాపు పొద్దుగాల పోయిండన్నా" అన్నాడు. చాలా రోజులుగా మంచం మీదే ఉన్నారు, రావలసిన కబురే. అయినా ఎక్కబోయిన బస్సు వదిలేశాను.

ఎనభైల్లో ఆయన మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. ల్యాబులో ఒక గాజు సీసాలో టేకు చేప ఉండేది. చాట లాంటి ఒళ్లు, కొరడా లాంటి తోక. ఎప్పుడో కాకినాడ నుంచి తెచ్చారట. సముద్రం చూడని మాకు అదే సముద్రం. వానలు పడ్డాక మమ్మల్ని వాగుకు నడిపించుకుపోయి, ఇంటి నుంచి తెచ్చిన చాయ్ వడకట్టే జాలీతో బురద దేవి తూనీగ పిల్లను పట్టేవారు. రెక్కలు రాకముందు అది నీళ్లలోనే బతుకుతుంది. గ్లాసులో వేసి ల్యాబుకు తెచ్చి, సీసా పక్కన పెట్టి, రెండింటినీ పోల్చమనేవారు.

"ఏం పోలుస్తం సార్? ఇది గింతంత పురుగు, అది గంత చేప" అని నవ్వేవాళ్లం.

"నవ్వుండ్రి గని సూడుండ్రి. చేపకు గట్టి బొక్క, అదే ఎముక, ఒక్కటి లేదు, అంత మన చెవి లెక్క మెత్తగనే. పురుగుకు అసలే లేదు. చేప కండ్లెనక నుంచి నీళ్లు పీలుస్తది, పురుగు ముడ్డితోని పీలుస్తది. నీళ్లు మంచిగుంటెనే రెండిటికి ఊపిరి."

ముడ్డి మాటకు క్లాసంతా గొల్లుమనేది. పాఠం అయ్యాక పురుగును మళ్లీ వాగులో వదిలి రావాల్సిందే. దాన్ని సీసాలో పెడదామంటే ఒప్పుకునేవారు కాదు. "సచ్చినది ఒక్కటి సాలు" అనేవారు.

తర్వాత ఫ్యాక్టరీలు పెరిగాయి. వాగు ఓసారి ఎర్రగా, ఓసారి పచ్చగా పారింది. ఒక ఏడు జాలీలో బురద తప్ప ఏమీ రాలేదు. మరుసటి ఏడూ అంతే. ఆయన మానలేదు. రిటైరయ్యాక కూడా ఒక్కరే వెళ్లేవారు. "సారుకు పిచ్చి లేసింది" అనుకునేవాళ్లు ఊళ్లో. అదే కాలేజీలో అదే పాఠం చెప్పే ఉద్యోగం నాకు వచ్చింది. మోకాళ్లు పట్టేశాక ఆయన జాలీ నా చేతికిచ్చారు.

పోయిన వానాకాలం చూడడానికి వెళ్తే, నేను కూర్చోకముందే "దొరికిందా?" అన్నారు. అబద్ధం నోటిదాకా వచ్చింది, ఆయన ముందు ఆడలేకపోయాను.

"లేదు సార్."

"ఇగ నువ్వు గూడ పోకు. ఆ నీళ్లల్ల చెయ్యి పెట్టకు" అని గోడవైపు తిరిగారు. వాగుకు వెళ్లొద్దని ఆయన నోట వినడం అదే మొదలు, అదే కడ. నాకు ఆయన ఆ రోజే పోయారనిపిస్తుంది. ఓదార్చుకుందామన్నా నా దగ్గర ఏమీ లేదు.

నిన్న ఆ పాఠం వచ్చింది. సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. "సార్, తూనీగ పిల్ల ఎట్లుంటది?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. గ్లాసు ఉండాల్సిన చోట చాయ్ జాలీ పెట్టాను. అది పొడిగా ఉంది.