అంబదాసు చెవి

కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద కార్లను ముస్తాబు చేసే షాపులు ఇరవై దాకా ఉంటాయి. అందులో నాది సీటు కవర్ల షాపు, పక్కది అంబదాసు మ్యూజిక్ షాపు. పదమూడేళ్లు మా ఇద్దరికీ ఒకటే గోడ. ఇప్పుడు ఆయన గురించి ఎవడి నోటికి వచ్చింది వాడు చెబుతున్నాడు. తాగుడుకు పాడయ్యాడని ఒకడంటే, కళ్లు నెత్తికెక్కాయని ఇంకొకడు. అంబదాసు చుక్క ముట్టిన మనిషి కాదు. తెలియనివాళ్లు వాగితే వాగనీ. అన్నీ తెలిసి రెండేళ్లు నోరు మూసుకున్నవాణ్ని నేను. నా పేరు సదానందం.

కారులో స్పీకర్లు ఎవరైనా బిగిస్తారు. బిగించిన తర్వాత వచ్చే పాడు చప్పుడును పట్టుకోవడమే అసలు విద్య. ఇంజను పెట్టగానే పాట వెనకాల సన్నగా ఒక కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ కూత పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ కరెంటు దొంగదారిన స్పీకర్లలోకి దూరితే వచ్చే కూత అది. ఒకసారి చెవిన పడిందంటే ఇక పాట వినపడదు, కూతే వినపడుతుంది. మిగతా షాపులవాళ్లు ఉన్న తీగలన్నీ పీకి, కొత్తవి వేసి, అయినా పోకపోతే బండి కంపెనీని తిట్టేవాళ్లు.

అంబదాసు ముందు సీట్లో కూర్చొని కళ్లు మూసుకునేవాడు. ఇంజను ఆపించి, మళ్లీ పెట్టించేవాడు. డిక్కీలో ఉన్న ఆంప్లిఫయర్‌కు పాటను మోసుకొచ్చే తీగలు ఊడదీయించి మళ్లీ వినేవాడు. తీగలు ఊడదీసినా కూత ఉందంటే దోషం ఆంప్లిఫయర్ దగ్గరే. కూత పోయిందంటే ముందున్న స్టీరియోలోనో, దారిలోని తీగల్లోనో. అప్పుడు కళ్లు తెరవకుండానే చెప్పేవాడు: "ఎర్త్ మంచిగ లేదు. రంగు గీకకుంట బోల్టు బిగిచ్చిర్రు. ఏ గాడిద బిగిచ్చిండో గని." కార్పెట్ లేపి చూస్తే, ఎర్త్ తీగను బండి ఇనుముకు కలిపే బోల్టు రంగు మీదే బిగించి ఉండేది. ఇనుముకు ఇనుము తగలకపోతే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆసిఫాబాద్ నుంచి, ఖానాపూర్ నుంచి కూడా ఆయన చెవి కోసం బండ్లు వచ్చేవి. అంబదాసు కూత లేదన్నాడంటే లేనట్టే.

ఆ చెవి మీద ఆయనకు గర్వం ఉండేది. ఉండాల్సిందే. సిరిసిల్లలో సాంచెల మధ్య పుట్టాడు. సాంచెలంటే మరమగ్గాలు. పద్నాలుగో ఏట మొదలుపెట్టి పన్నెండేళ్లు వాటి మీద బట్ట నేశాడు. వాళ్ల బాపు అంతయ్య సాంచె పక్కనే కూలిపోయి ప్రాణం విడిచాడు. బాపు దినాలు అయిన మర్నాడే ఊరు విడిచి వచ్చి ఇక్కడ వైరింగు పని నేర్చుకున్నాడు. "అన్నా, సాంచె బాపును మింగింది, మా అవ్వ చెవులు మింగింది. నేను నా రెండు చెవులు పట్టుకొని ఉరికొచ్చిన" అనేవాడు నాతో.

ఆ అవ్వ, అంటే వాళ్ల అమ్మ, ఐలవ్వ. ముప్పై అయిదేళ్లు సాంచెల పక్కన నూలు కండెలు చుట్టింది. ఇప్పుడు చెవి దగ్గర తపేలా మోగించినా తిరిగి చూడదు. కానీ మాట్లాడితే అన్నీ అర్థమవుతాయి. సాంచెల కార్ఖానాలో అరిచి లాభం లేదు కాబట్టి అక్కడివాళ్లు గొంతు వాడరు. పెదవులు మాత్రం కదుపుతారు, ఎదుటివాడు కళ్లతో వింటాడు. ఐలవ్వకు ఆ అలవాటు పోలేదు. కొడుకుతో ఒకసారి గొంతు పెట్టి, ఒకసారి ఉత్త పెదవులతోనే మాట్లాడేది.

రెండేళ్ల కిందట నా బండికి కొత్త స్పీకర్లు బిగించాడు అంబదాసు. ఇంటికి పోతుంటే కూత వినపడింది. మర్నాడు "జర ఒకసారి సూడు తమ్మీ" అన్నాను. వచ్చి కూర్చున్నాడు, ఇంజను రేజ్ చేశాడు. "ఏం లేదన్నా, నిమ్మళంగ ఉన్నది. నీకు అనుమానం పట్టింది" అని నవ్వాడు. నేను నా చెవులనే అనుమానించాను. వారం రోజులు విన్నాక తెలిసింది, కూత ఉంది. ఆయన కళ్లు మూసుకోవడం మానేశాడని కూడా అప్పుడే గమనించాను. బండి వింటున్నట్టే కూర్చొని, ఎదుటివాడి ముఖం చూసేవాడు.

చెప్పలేదు. చెప్పాలని గోడ దాకా పోయి వెనక్కి వచ్చాను. చెవి మీద బతికేవాడికి నీ చెవి పోయిందని ఏ నోటితో చెప్పను? అదేదో మంచితనం అనుకున్నాను. మంచితనం కాదు, పిరికితనం. గిరాకీ తగ్గుతూ వచ్చింది. కూతతో పోయినవాళ్లు కూతతోనే తిరిగారు, మళ్లీ మాత్రం రాలేదు. ఆయన ముందు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయనకేమో పక్క షాపులవాళ్లు గిరాకీని మళ్లిస్తున్నారని కోపం.

హుస్నాబాద్ దిక్కు నుంచి వచ్చిన గోపాల్ అనే పిల్లగాడు మాత్రం ఊరుకోలేదు. మస్కట్‌లో పని, రెండు నెలల సెలవు మీద వచ్చాడు. పాత కారు కొని అంబదాసు దగ్గర మ్యూజిక్ పెట్టించాడు. కూత ఉందని రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ లేదనిపించుకొని పోయాడు. మూడోసారి వచ్చింది ఒక బుధవారం మధ్యాహ్నం. అతని విమానం శుక్రవారం.

"అన్నా, గా కూత పోలే" అన్నాడు.

అంబదాసు డ్రైవరు సీట్లో కూర్చొని ఇంజను పెట్టాడు, పాట పెట్టాడు, తొక్కాడు. షాపు ముందు నిలబడిన నాకు కూడా కూత వినపడింది. "యాడున్నది? పాట మంచిగనే వస్తుంది గదా."

"నీకు దండం పెడత అన్నా. ఉన్నది."

"లేదంటున్న గదా. ముందుగాల నీ చెవులు సూపిచ్చుకో పో." గోపాల్ పక్క సీట్లో తల దించుకున్నాడు. నేను కాళ్ల కింద నేల చూశాను.

అప్పుడే ఐలవ్వ అన్నం గిన్నెతో వచ్చింది. కారు కిటికీ ముందు నిలబడి పెదవులు కదిపింది. "దిగుత అవ్వా, జర ఆగు" అన్నాడు అంబదాసు.

గోపాల్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "ఏమన్నదన్నా?"

"అన్నం సల్లారుతదట. ఇనలేదా?"

"నోరైతే ఆడింది గని సప్పుడు రాలే అన్నా."

అంబదాసు నవ్వబోయాడు. "సప్పుడు రాకపోవుడేంది? మంచిగ అన్నది గదా. సదానందన్నా, నువ్విన్నవా లేదా?"

నేను తల అడ్డంగా ఊపాను. అంబదాసు చెయ్యి నెమ్మదిగా తాళం మీదికి పోయింది. ఇంజను ఆగింది, పాట ఆగింది. అవ్వ తనకు గొంతు కలిపి మాట్లాడుతున్నదో, కలపకుండా మాట్లాడుతున్నదో ఆయనకు తేడా తెలియడం లేదు. ఇంట్లో అంతా ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునేవాళ్లే కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

ఐలవ్వకు మా మాటలు వినపడలేదు గానీ ముఖాలు చూసి అర్థం చేసుకుంది. ఈసారి గొంతు పెట్టి మాట్లాడింది. చెవిటివాళ్ల గొంతు, ఎత్తూ పల్లం లేకుండా వచ్చింది. "రెండేండ్ల సంది నువ్వు నా మూతి సూసే ఇంటున్నవు కొడుకా. నాకెర్కే. నాకు సుత ముందుగాల సన్న సప్పుళ్లే పోయినయి. పిట్టలు ఇనవడకపోతే, ఎండలకు ఎటో పోయినయనుకున్న."

"చెప్పకపోతివేందే" అన్నాడు అంబదాసు.

"చెప్తె వస్తయా?"

ఆయన కారు దిగలేదు, అన్నం ముట్టలేదు. గోపాల్ వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వే ఇను. నేను ఒక్కొక్క తీగ పీకుత. కూత ఉన్నదా పోయిందా, నా దిక్కు సూసి చెప్పు." మళ్లీ ఇంజను పెట్టి, దిగి, డిక్కీ తెరిచి పాట తీగలు ఊడదీశాడు. గోపాల్ వెనక్కి తిరిగి ఉందన్నాడు. అంటే దోషం అక్కడే. కార్పెట్ లేపాడు. ఎర్త్ బోల్టు రంగు మీద బిగించి ఉంది. బిగించింది ఆయనే. వెనకటికి బిగించగానే చెవితో సరిచూసుకునేవాడు, తప్పుంటే అప్పుడే దొరికేది. ఇప్పుడు చెవి అన్నిటికీ సరే అంటోంది. గరుకు కాగితంతో రంగు గీకి, తెల్లగా ఇనుము కనపడ్డాక బోల్టు బిగించాడు.

"పోయిందన్నా, సాఫ్ పోయింది" అన్నాడు గోపాల్. పిల్లగాడు సంతోషంగా వెళ్లిపోయాడు.

కారు మలుపు తిరిగేదాకా చూసి అంబదాసు నా దగ్గరికి వచ్చాడు. నా ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. "నీ బండి సుత నేనే చేసిన గదన్నా. అది కూస్తదా?"

 కూస్తది అని పెదవులు కదిలాయి, అంతే. అంబదాసుకు అంతే చాలు.

"ఎన్నడి సంది?"

రెండేండ్లు. అది కూడా పెదవులతోనే చెప్పాను. వెనక్కి తిరిగి షాపులోకి పోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన కొత్త పని ఏదీ ఒప్పుకోలేదు. ఫోనులో మాట అందడం లేదు కాబట్టి భార్య నర్మద షాపులో కూర్చొని రెండేళ్ల పాత గిరాకీలందరికీ ఫోన్లు చేసింది. బండి తీసుకొని రమ్మని, కూత ఉంటే ఊరికే బాగుచేస్తామని చెప్పింది. కొందరు వచ్చారు, కొందరు నవ్వి పెట్టేశారు. వచ్చిన బండినల్లా ఎదుటివాడి చెవితో బాగుచేసి పంపాడు. కానీ ఎదుటివాడి చెవి అరువు తెచ్చుకొని ఎన్నాళ్లు బతుకుతాడు? సిరిసిల్లలో ఒక కార్ఖానాలో సాంచెలు రిపేరు చేసే పని కుదిరింది. అక్కడ చెవులతో ఎవరికీ పని లేదు. ఉరికి వచ్చిన చోటికే మళ్లీ పోతున్నాడు.

పోవడానికి ముందురోజు పొద్దున నన్ను పిలిచాడు. అందరి బండ్లూ అయ్యాక, గోడ పక్కన ఉన్న నా బండి అన్నిటికన్నా చివర. బోల్టు ఊడదీశాడు, గీకాడు, బిగించాడు. నేను ఇంజను పెట్టి తొక్కాను. పాట తప్ప ఏమీ లేదు.

"పోయింది తమ్మీ" అన్నాను, ఆయనకు కనపడేలా.

అంబదాసు నా పెదవులు చూశాడు, కళ్లు చూశాడు. నమ్మలేదు. రోడ్డు పక్కన జామకాయలు అమ్మే కమలవ్వ దగ్గరికి పోయి, బతిమాలి తీసుకొచ్చి నా పక్క సీట్లో కూర్చోబెట్టాడు. "అవ్వా, పాట ఎనుకకెల్లి సన్నగ కూత ఏమన్న వస్తుందా? సరిగ్గ ఇను" అన్నాడు. నన్ను మళ్లీ తొక్కమని చేత్తో సైగ చేశాడు. తొక్కాను. ఆమె తల వంచి శ్రద్ధగా విన్నది.

"ఏం లేదు బిడ్డా, పాటనే వస్తుంది" అన్నది.

అప్పుడు నమ్మాడు. బోల్టులు తిప్పే పానాలు మూట కట్టుకొని, ఆమెకు దండం పెట్టి, షట్టర్ దించాడు.